కాలువ వెంట నడిచిన రాళ్ళు

రేగుబండ తండాలో రెండున్నర వేల ఏళ్ళ నాటి రాళ్ళ వరుస బయటపడిందనీ, అది కొత్త మురుగు కాలువకు సరిగ్గా అడ్డం వచ్చిందనీ హేమలత ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను పప్పుకు పోపు పెడుతున్నాను. ఆవాల చిటపటల్లో ఆమె మాట సగమే వినబడింది.

హేమలత హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీలో పనిచేస్తుంది. ఊళ్ళలో కాలువలు తవ్వే ముందు, ఆ తవ్వకం వల్ల పాత కట్టడాలకూ పురావస్తు స్థలాలకూ నష్టం జరుగుతుందా అని అంచనా వేసి రిపోర్టు ఇవ్వడం వాళ్ళ పని. ఖమ్మం చుట్టుపక్కల అలాంటి అవసరం పడితే నన్ను పంపుతారు. నేను ఖమ్మం కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. "మీరైతే ఎప్పుడంటే అప్పుడు బయలుదేరగలరు సర్, ఇంట్లో ఎవరూ..." అని ఆమె ఒకసారి అనబోయి, సగంలో ఆపుకుంది. నా భార్య సంపూర్ణ పోయి అప్పటికి ఏడాది. ఆ ఆపుకోవడం నాకు నచ్చింది. అప్పటి నుంచి ఆమె ఏ పని చెప్పినా కాదనలేదు.

"డ్రోన్ ఫోటోలో స్పష్టంగా ఉంది సర్. ఏడు రాళ్ళు ఒక వరుసలో, వాటికి ఎదురుగా ఒక్కటి. బృహత్ శిలాయుగమని సాఫ్ట్‌వేర్ తొంభై శాతం నమ్మకంగా చెప్తోంది. ప్రాజెక్టు షరతు మీకు తెలుసుగా. పురాతన స్థలానికి ముప్పై మీటర్ల లోపల కాలువ పని చేయకూడదు."

"ఏడు ఒక వరుసలో, ఎదురుగా ఒకటా?"

"అవును సర్. ఎగ్జైటింగ్ కదా?"

నాకు అప్పుడే అనుమానం వచ్చింది. కానీ పోపు మాడుతోంది.

మర్నాడు ఖమ్మంలో బస్సెక్కాను. తల్లాడ దాటేదాకా నీడ నా కిటికీ వైపే ఉంది. పెనుబల్లిలో దిగేసరికి కాలువ పని చూసే ఇంజనీరు, ఏఈ మురళీకృష్ణ బండి మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. సత్తుపల్లి అబ్బాయి. నా కోసం ఇంకో హెల్మెట్ తెచ్చాడు. అది నా తలకు సరిపోయింది. ఈ వయసులో అరువు తెచ్చిన హెల్మెట్ తలకు సరిపోవడం తక్కువ సంగతి కాదు.

"వానలు మీద పడిపోతున్నాయి సార్," అన్నాడు దారిలో. "మీరు ఊఁ అంటే వారంలో కాలువ లాగేస్తాను. లేదంటే ఆ ముసలమ్మ ఇల్లు ఈసారి కూడా మునుగుద్ది."

ముసలమ్మ పేరు కమ్లి. టేకు అడవి అంచున, ఏటవాలు నేల మీద ఉంటుంది తండా. పై వీధుల్లో ఎవరు స్నానం చేసినా, ఎవరు గిన్నెలు తోమినా ఆ నీళ్ళు వంకర్లు తిరుగుతూ వచ్చి, చివరనున్న కమ్లి ఇంటి గోడ కింద చేరతాయి. అక్కడి నుంచి వాగుకు దారి లేదు. పోయిన వానాకాలం ఒక గోడ కూలింది. దాన్ని మళ్ళీ కట్టారు. మేం వెళ్ళేసరికి ఆమె ఆ గోడకు మట్టి మెత్తుతోంది. చేతులు కడుక్కుని ముందు నాకు మంచినీళ్ళు ఇచ్చింది. కుండ నీళ్ళు.

"నువ్వేనా రాళ్ళు చూసే సారు?"

"నేనేనమ్మా."

"మంచిగ చూడు. జల్దీ చూడు. నా కోడలు మంగ్లి కాన్పుకు తల్లిగారింటికి పొయ్యింది. బిడ్డ పుట్టింది. మనుమరాలు. ఫోన్ల చూసిన అంతే. గోడ కింద నీళ్ళు ఉన్నన్నొద్దులు పసిపిల్లను తోలనని వాళ్ళమ్మ ఖరాఖండిగ చెప్పింది. ఆమె తప్పు లేదు. నేనైనా తోలను."

పక్కనే అరుగు మీద కూర్చున్న తండా పెద్ద మంగీలాల్ నవ్వాడు. "ఫోన్ల చూసి ఫోన్‌కే ముద్దులు పెడుతది సారూ. మొన్న ముద్దు పెడితే ఫోన్ బందయింది."

"నీకేం తెలుసు, నోరు ముయ్," అంది కమ్లి.

రాళ్ళు ఆమె ఇంటికి కొంచెం దిగువన, సున్నంతో గీసిన కాలువ గీత మీదే ఉన్నాయి. ఒక్కోటి మూరెడు ఎత్తు కూడా లేదు. ఏడింటికీ ఎర్రటి జాజు పూసి ఉంది. ముందు నానబెట్టిన జొన్నలు, ఒక కోడి ఈక. ఇవి సీత్లా యాడి రాళ్ళు. యాడి అంటే లంబాడీ మాటలో అమ్మ. ఏడుగురు అక్కచెల్లెళ్ళు, ఎదురుగా నిలబడ్డది వాళ్ళ కావలివాడు. వానల మొదట్లో తండా వాళ్ళు పశువులను ఈ రాళ్ళ మీదుగా దాటించి, పిల్లలకూ గొడ్లకూ రోగాలు రాకుండా మొక్కుకుంటారు. ఖమ్మం జిల్లాలో పుట్టినవాడికి ఈ సంగతి చెప్పడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

అక్కడే వేపచెట్టు నీడలో నిలబడి హేమలతకు ఫోన్ చేశాను.

"ఇవి పాతవి కావమ్మా. పోయినవారం పెట్టినవి."

"రుజువు ఉందా సర్?"

"జాజు ఇంకా వేలికి అంటుకుంటోంది."

"జాజు కొత్తది కావచ్చు సర్. రాయి?"

"రాయి ఈ గుట్టంత పాతది."

"చూశారా!" అంది హేమలత.

అబద్ధం చెప్పలేకపోయాను. రాయి వయసు తగ్గించే అధికారం నాకు లేదు. చివరికి మధ్యేమార్గంగా కాలువ గీతను ముప్పై అయిదు మీటర్లు పక్కకు జరపాలని తేల్చాం. మురళీకృష్ణ ఆ సాయంత్రమే కొత్త సున్నం గీత గీయించాడు. నేను సంతృప్తిగా ఇంటికి వచ్చి, ఒక కాగితం మీద "ప్రభావం లేదు" అని రాసుకున్నాను. ఆ కాగితం నాకు తర్వాత టీ గ్లాసు కింద పెట్టుకోవడానికి పనికొచ్చింది.

ఎందుకంటే వారం తిరక్కముందే మళ్ళీ ఫోన్.

"సర్, రెండో స్థలం దొరికింది! కొత్త గీత మీదే. ఏడు రాళ్ళు, ఎదురుగా ఒకటి."

వెళ్ళాను. అవే రాళ్ళు. మూడో రాయికి మూతి విరిగి ఉంటుంది, నేను గుర్తుపట్టాను. వెనక్కి నడిచి వెళ్ళి చూస్తే, పాత చోట ఎనిమిది చిన్న గుంటలున్నాయి. కాలువ తవ్వడానికి తెచ్చిన జేసీబీ ఎక్కడిదక్కడే ఉంది. దాని నీడలో రెండు కుక్కలు, దాని డ్రైవరు నిద్రపోతున్నారు.

"కమ్లమ్మా, రాళ్ళను ఎందుకు జరిపావు?"

ఆమె నా వైపు జాలిగా చూసింది. "యాడి ఊరి అంచు మీద నిలబడాలె సారూ. రోగం బయటినుంచి వస్తది, ఆమె అడ్డం నిలబడతది. ఇదివరకు అంచు ఏదంటే మేమే మనసుల అనుకునేటోళ్ళం. ఇప్పుడు సర్కారోళ్ళు సున్నం పోసి మరీ చూపెట్టిండ్రు. చూపెట్టినంక గూడ పెట్టకపోతే ఆమెకు కోపం రాదా?"

"అది ఊరి అంచు కాదవ్వా, కాలువ గీత," అన్నాడు మురళీకృష్ణ.

"మురికి నీళ్ళు పొయ్యే గీత గదా?"

"అవును."

"మరి రోగం దాంట్లె నుంచి గాక ఏడికెళ్ళి వస్తది?"

మురళీకృష్ణ నా వైపు చూశాడు. నేను గుట్ట వైపు చూశాను.

గీతను ఈసారి వాగు దిక్కుగా మార్చాం. సున్నం వల్లే ఈ చిక్కంతా అనుకుని మురళీకృష్ణ సున్నం వాడలేదు. దూరం దూరంగా పుల్లలు పాతి, వాటికి గుడ్డ ముక్కలు కట్టించాడు. స్టోరులో ఉన్నవి ఎర్ర గుడ్డలు.

మూడోసారి నేను వెళ్ళేసరికి ఏడు రాళ్ళూ ఎర్ర జెండాల మధ్య వరుసగా నిలబడి ఉన్నాయి. అంత అందంగా ఎప్పుడూ లేవు. కమ్లి మురళీకృష్ణ చేతులు పట్టుకుంది. "చిన్న సారు ఎంత మంచోడు! ఈసారి జెండాలు గూడ పెట్టిండు. మావోళ్ళు ఎవ్వరూ గిట్ల పెట్టలే."

"నేను పెట్టింది అందుక్కాదు," అన్నాడతను ఏడుపు గొంతుతో.

"అవ్, చేసిన మంచి చెప్పుకోవద్దు," అంది కమ్లి, అతని బుగ్గ నిమిరి.

ఇప్పుడు పటంలో మూడు స్థలాలున్నాయి. మొదటి రెండు ఖాళీ అయ్యాయి కదా, తీసేయమని హేమలతను అడిగాను.

"తీసేసే బటన్ లేదు సర్. పురాతన స్థలాన్ని ఎవరైనా ఎందుకు తీసేస్తారు? పైగా మూడూ కలిపి చూస్తే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు 'సముదాయం' అంటోంది. మా మేనేజర్ చాలా హ్యాపీ."

"అమ్మా, తండా పైన గుట్ట మీద నిజమైన రాక్షసి గూళ్ళు ఉన్నాయి. పెద్ద పెద్ద బండలు నిలబెట్టి, పైన కప్పు వేసినవి. అవి నిజంగానే రెండు వేల ఏళ్ళవి."

"కాలువ గీత మీద ఉన్నాయా సర్?"

"లేవు."

"అయితే మన పరిధిలోకి రావు."

టేకు ఆకుల కింద డ్రోనుకు కనబడని ఆ గూళ్ళలో మధ్యాహ్నం మేకలు పడుకుంటాయి. వాటినెవరూ లేపకుండా ఉండటం కూడా ఒక మేలే అనుకుని ఊరుకున్నాను.

ఆ రోజు ఆకాశం మబ్బు పట్టింది. మురళీకృష్ణ బండి దగ్గరకు పోయి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. నేను కమ్లి అరుగు మీద కూర్చుని సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. రాళ్ళు గీత దగ్గర ఉన్నంతకాలం కాలువ రాదని, ఆమె ఎంత భక్తిగా జరిపితే కాలువ అంత దూరం పోతుందని.

ఆమె గోడ వంక చూసింది. కింద నుంచి చెమ్మ అప్పుడే పైకి పాకుతోంది. మొన్న మెత్తిన మట్టి అక్కడక్కడా ఉబ్బింది.

"అంటే నేనే ఆపుతున్ననా సారూ?"

"నువ్వు కాదు. షరతు."

"షరతు ఎవరు?"

నేను వానకని వెంట తెచ్చుకున్న సంపూర్ణ గొడుగును ఒళ్ళోకి తీసుకున్నాను.

"యాడిని తీసి ఇంట్ల పెట్టుకుంట మరి," అంది. కాసేపటికి తనే తల అడ్డంగా ఊపింది. "వద్దు. బిడ్డ వచ్చినంక ఆ మురికి నీళ్ళు గుమ్మం ముందట నుంచే పోతయి. కాపలా ఎవరు? కాలువ లేకపోతే గోడ బిడ్డ మీద పడతది. యాడి లేకపోతే రోగం పడతది. ఏది పడాల్నో నువ్వు చెప్పు. చదువుకున్నవు గదా."

ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది. నేను గొడుగు విరిగిన ఊచను అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. సంపూర్ణకు రోజూ ఉదయం చర్చికి పోతే తప్ప కాఫీ దిగేది కాదు. డాక్టరు ముందా, దేవుడు ముందా అని నేనెప్పుడూ ఆమెను అడగలేదు. అడిగి ఉంటే ఆటో ఒక్కటే కదా, రెండూ ఒక దారిలోనే ఉన్నాయి కదా అనేది.

అప్పుడే హేమలత ఫోన్ వచ్చింది.

"సర్, మేనేజర్ ఒక మాటన్నారు. పైన రాళ్ళు ఉన్నాయి సరే, కింద ఏముందో తేలాలి. మీరు పరీక్ష తవ్వకం చేయించండి. మిషన్ వద్దు, చేత్తో తవ్వించాలి. మట్టి పొరలు చూసి, ఫోటోలు తీసి, తర్వాత పూడ్చేయాలి."

"తవ్వచ్చా? ముప్పై మీటర్ల లోపల కూడానా?"

"షరతు కాలువ పనికే సర్. పరీక్ష తవ్వకం కాలువ కాదు కదా."

"ఎంత పొడవు తవ్వమంటారు?"

"అది మీ ఇష్టం సర్. నిపుణులు మీరు."

ఫోన్ పెట్టేసి కమ్లి గోడ వంక చూశాను. అక్కడి నుంచి వాగు దాకా చూశాను. నేల చక్కగా వాలుగా ఉంది. మూడు స్థలాలనూ కలుపుతూ పోతే, కొంచెం వంకర పోయినా, చివరకు వాగులోనే తేలుతుంది.

"మురళీకృష్ణా, మూడు స్థలాల కిందా ఒకే నాగరికత ఉందా అన్నది నాకు అనుమానంగా ఉంది. విడివిడిగా తవ్వితే తెలియదు. ఒకటే పొడవాటి గుంత కావాలి. ఈ గోడ దగ్గర మొదలుపెడదాం."

"వాగు దాకానా సార్?" అన్నాడు నెమ్మదిగా.

"నాగరికతలు వాగు ఒడ్డునే కదా పుట్టేది."

అతను కాసేపు నా ముఖం చూసి, తర్వాత హెల్మెట్ తీసి బండి మీద పెట్టాడు. "మట్టి పొరలు సరిగా కనబడాలంటే అడుగు కూడా వాలుగా తవ్వాలేమో సార్. ఒక లెవెల్ ప్రకారం."

"శాస్త్రీయంగా అదే మంచిది."

తండాలో ఎనిమిది ఇళ్ళ వాళ్ళు గడ్డపారలతో వచ్చారు. దొరికిన ప్రతి వస్తువునూ ప్లాస్టిక్ సంచిలో వేసి, చీటీ అంటించాలని హేమలత ఆదేశం. ఒక చెప్పు, గాజుముక్కలు, సోడా మూత, ట్రాక్టరు నట్టు ఒకటి దొరికాయి. మంగీలాల్ ప్రతిదాన్నీ రెండు చేతుల్తో పట్టుకొచ్చి, "సారూ, రాజుగారి చెప్పు," "సారూ, రాణిగారి గాజు," అంటూ నాకు ఇచ్చేవాడు. కమ్లి ఇంటి దగ్గర మోకాలి లోతున మట్టి పట్టిన స్టీలు గ్లాసు ఒకటి తగిలింది. తుడిచి చూస్తే అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలున్నాయి.

"శాసనం దొరికింది సార్!" అని అరిచాడు మురళీకృష్ణ.

చదివాను. 'కమ్లి కొడుకు పెండ్లి కానుక.'

"అది నా గ్లాసు!" కమ్లి గుంతలోకి దిగింది. "పోయినేడు గోడ కూలిన్నాడు కొట్టుకపొయింది. ఇటు తే."

"చీటీ అంటించాలమ్మా. ముందు ఫోటో..."

"ఫోటో తీసుకో. గ్లాసు ఇయ్యి. బిడ్డకు ఉగ్గు దేన్ల కలపాలె?"

చీటీ అంటించి ఫోటో తీసి, చీటీ పీకి ఇచ్చేశాను. ఫోటోలో కమ్లి చెయ్యి కూడా పడింది. హేమలత మేనేజరుకు ఆ ఫోటో బాగా నచ్చిందట. కొలత తెలియడానికి పక్కన మనిషి చెయ్యి పెట్టడం మంచి పద్ధతి అన్నాడట.

గుంత వాగును చేరిన మర్నాడు వాన పడింది. సన్నగా మొదలై, గంటలో తండా అంతా నీళ్ళయింది. నేను కమ్లి చూరు కింద నిలబడి చూశాను. పై వీధుల నుంచి ఎర్రగా నీళ్ళు వచ్చాయి, అలవాటు కొద్దీ గోడ దగ్గరకు వెళ్ళాయి, అక్కడ ఒక క్షణం తిరుగుడు పడ్డాయి. తర్వాత చెప్పు దొరికిన చోటు మీదుగా, సోడా మూత దొరికిన చోటు మీదుగా వాగులోకి పోయాయి.

కమ్లి వంగింది. గోడ అడుగున అరచేయి ఆనించి, తీసి చూసుకుంది. మళ్ళీ ఆనించింది.

"తడి లేదు," అంది చివరికి, ఎవరితోనూ కాదు.

సాయంత్రం హేమలత ఫోన్ చేసింది. "కింద ఏమీ లేదని తేలింది కాబట్టి గుంత పూడ్చేయండి సర్. ఎల్లుండి పూడ్చిన ఫోటో కావాలి."

"కింద ఏమీ లేదంటే ఇక కాలువ తవ్వచ్చా?"

"అది వేరే సెక్షన్ సర్. వానాకాలం తర్వాత చూస్తారు."

నేను ఆ మాట మురళీకృష్ణకు చెప్పాను. అతను మంగీలాల్‌కు చెప్పాడు. మంగీలాల్ చెబితే కమ్లికి తెలిసింది. ఆ రాత్రే ఆమె లేచింది. గొంగడి కప్పుకుని బయటకు వెళ్ళింది.

మర్నాడు నేను పెనుబల్లిలో దిగేసరికే హేమలత నుంచి మూడు మిస్డ్ కాల్స్.

"సర్, గుంత ఒడ్డున నాలుగో స్థలం! పొద్దున డ్రోన్ తిప్పితే కనబడింది. నిన్నటిదాకా లేదు. తవ్వకం వల్ల బయటపడిందని మా మేనేజర్ అంటున్నారు."

"అయి ఉండవచ్చు."

"ఇప్పుడు సమస్యేమిటంటే సర్, పూడ్చడం అంటే మట్టి పని. స్థలానికి ముప్పై మీటర్ల లోపల మట్టి పని చేయకూడదు. గుంతను ముట్టుకోవద్దు. నీళ్ళు పోతుంటే పోనివ్వండి. ఆపితే స్థలానికి చెమ్మ తగులుతుంది."

"జాగ్రత్తగా చూసుకుంటాం," అన్నాను.

"రిపోర్టులో ప్రభావం అనే చోట ఏం రాస్తారు సర్?"

"నీటి పారుదల వల్ల స్థలం భద్రంగా ఉంది. స్థలం వల్ల నీటి పారుదల భద్రంగా ఉంది."

"రెండో వాక్యం అవసరమా సర్?"

"రెండోదే నిజమైన అంచనా అమ్మా."

"సరే సర్, ఉంచేద్దాం," అంది. మంచి పిల్ల.

తొలకరి విత్తనాలు పడ్డాక మంగ్లి బిడ్డతో ఆటో దిగింది. వెంట వచ్చిన వాళ్ళమ్మ ముందు ఇంట్లోకి వెళ్ళలేదు. ఇంటి చుట్టూ తిరిగి, నాలుగు గోడలూ వేలి గణుపుతో కొట్టి చూసింది. తర్వాత గుంత దగ్గర నిలబడి పారే నీళ్ళను, ఒడ్డున జాజు పూసిన ఏడు రాళ్ళను చూసింది. చెప్పులు విడిచి మొక్కింది. అప్పుడు కూతురి వైపు తిరిగి తల ఊపింది. మంగ్లి లోపలికి వెళ్ళింది. కమ్లి బిడ్డను అందుకుని, గుండెకు ఆనించుకుని నిలబడింది.

"ముద్దు పెట్టు వదినె, ఇది బంద్ కాదు," అన్నాడు మంగీలాల్.

నాకు ఆకులో గుగ్గిళ్ళు కట్టి ఇచ్చారు. మురళీకృష్ణ జేసీబీని వెనక్కి పంపడానికి వచ్చాడు. అది కదులుతుంటే దాని కింద కుక్కలు నొచ్చుకుని లేచి, గుంత ఒడ్డున చల్లటి మట్టిలో పడుకున్నాయి.

"చిన్న సారూ," అంది కమ్లి, బిడ్డను భుజాన వేసుకుని, "వానలు ఎల్లినంక అసలు కాలువ మంజూరైతే ఏడ తవ్వుతరు?"

"ఇక్కడ మాత్రం తవ్వరవ్వా. ఇక్కడ తవ్వకం ఉంది."

ఆమె ఆలోచించింది. "అయితే యాడిని ఇంక కదపను," అని, స్టీలు గ్లాసు కడగడానికి నీళ్ళ దగ్గరకు పోబోయి, మురికి నీళ్ళని గుర్తొచ్చి, నవ్వుకుంటూ కుండ వైపు తిరిగింది.